విమానంలోనే దిగి వచ్చే ధైర్యం

ఒకప్పుడు ఆకాశంలోంచి దూకడమంటే మనకి గుర్తొచ్చేవి రెండే - సర్కసు, సైన్యం. ఇప్పుడలా కాదు. అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు, దుబాయ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు సెలవు దొరికితే స్కైడైవింగ్‌కి వెళ్లొస్తున్నారు. మనకి వీడియో వచ్చేది మాత్రం పని అయ్యాకే! గాలికి బుగ్గలు అదిరిపోతూ, కళ్లద్దాల వెనక నవ్వుతూ అమ్మాయి కనిపిస్తుంది. తండ్రి దాన్ని నలుగురికీ చూపించి మురిసిపోతాడు. తల్లి దేవుడికి దణ్ణం పెట్టుకుని, "ఇంకెప్పుడూ ఇలాంటి పిచ్చిపనులు చెయ్యకే" అంటుంది. అంతటితో సరి.

అంతటితో సరిపెట్టుకోకూడదనే ఈ నాలుగు మాటలూ. మురిసిపోయినా, కేకలేసినా పిల్లకి ఒరిగేదేమీ లేదు. అసలక్కడ ఏం జరుగుతుందో తెలుసుకుంటే మనం అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయని అర్థమవుతుంది.

మొదటిసారి వెళ్లినవాళ్లు సామాన్యంగా ఒంటరిగా దూకరు. శిక్షకుడి ఛాతీకి పట్టీలతో గట్టిగా కట్టేస్తారు. దీన్ని టాండెమ్ అంటారు. విమానం పదివేల నుంచి పదమూడు వేల అడుగుల ఎత్తుకి వెళ్లాక ఇద్దరూ కలిసి దూకుతారు. గంటకి సుమారు 190 కిలోమీటర్ల వేగంతో ఒక నిమిషంలోపే చాలా దూరం పడిపోయి, ఆ తర్వాత పారాచూట్ విచ్చుకున్నాక నెమ్మదిగా దిగుతారు. అమెరికా పారాచూట్ సంఘం నియమాల ప్రకారం ఆ శిక్షకుడు కనీసం మూడేళ్లుగా ఈ క్రీడలో ఉండాలి, 500 సార్లు దూకి ఉండాలి. ఒంటరిగా దూకే లైసెన్సు కావాలంటే నేర్చుకునేవాళ్లు కనీసం 25 సార్లు దూకాలి.

దూకేవాళ్లంతా చేరే చోటుని డ్రాప్‌జోన్ అంటారు. చిన్న విమానాశ్రయం, పక్కన ఓ పెద్ద షెడ్డు. సినిమాల్లో చూపించే హడావుడి అక్కడ తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. మబ్బు పట్టినా, గాలి పెరిగినా పని ఆగిపోతుంది. నేల మీద గాలి గంటకి 14 మైళ్లు దాటితే ఒంటరిగా దూకడం నేర్చుకుంటున్నవాళ్లని విమానం ఎక్కనివ్వరు. ఆ ఖాళీలో షెడ్డులో నేల మీద పరుచుకుని పారాచూట్లు మడతపెట్టుకుంటూ కూర్చుంటారు. తాళ్లు చిక్కుపడకుండా సర్ది, గుడ్డలో గాలి లేకుండా నొక్కి, చిన్న సంచిలో ఇమడ్చాలి. పట్టుచీర మడత నలగకుండా బీరువాలో పెట్టే ఓపిక ఉన్నవాళ్లకి ఆ పని కష్టమనిపించదు. ఏదైనా మొదటిసారి చేసినవాళ్లు మిగతావాళ్లందరికీ బీరు ఇప్పించాలన్నది అక్కడి సరదా ఆచారం. అయితే చివరి విమానం దిగాకే సుమండీ!

వీపు మీదుండే సంచిలో పారాచూట్లు రెండుంటాయి. ఒకటి ఎప్పుడూ వాడేది. రెండోది ఆపదలో ఆదుకునేది. మొదటిది ఎవరికి వారు మడుచుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం లైసెన్సున్న రిగ్గర్ చేతే మడిపించి సీలు వేయించాలి. వాడినా వాడకపోయినా అమెరికాలో 180 రోజులకోసారి దాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాల్సిందే. వీటికి తోడు 1991లో జర్మనీలో సైప్రెస్ అనే పరికరం వచ్చింది. నేలకి సుమారు 750 అడుగుల ఎత్తుకి వచ్చాక కూడా మనిషి ఇంకా వేగంగా పడిపోతున్నట్టు గ్రహిస్తే రెండో పారాచూట్ని తనే తెరుస్తుంది. స్పృహ తప్పిన మనిషికి అదే దిక్కు.

ఈ శ్రద్ధకి ఫలితం కళ్లెదుటే ఉంది. అమెరికాలో 1970ల్లో ఏడాదికి సగటున నలభై మందికి పైగా ఈ క్రీడలో చనిపోయేవారు. 2023లో దాదాపు 36 లక్షల 50 వేల సార్లు దూకితే పోయినవాళ్లు పదిమంది. ఒక్క ప్రాణమైనా ప్రాణమే, కాదనం. కానీ అంత తగ్గడం యంత్రాల మహిమ ఒక్కటే అనుకుంటే పొరపాటు. జరిగిన ప్రమాదాన్ని దాచకుండా, ఎక్కడ తప్పు జరిగిందో తోటివాళ్లంతా చదువుకునేలా ఆ సంఘం పత్రికలో వేస్తారు. విమానం ఎక్కేముందు ఒకరి పట్టీలు ఒకరు చూసుకుంటారు. కొత్తగా వచ్చిన పిల్ల అయినా సరే, వెయ్యిసార్లు దూకినవాడితో "మీ పట్టీ సరిగ్గా లేదు" అని చెప్పొచ్చు. అతను చిన్నబుచ్చుకోకూడదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటుంది. పైకి వెళ్లి, తలుపు దగ్గర నిలబడ్డాక కూడా "నేనివాళ దూకను" అనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. అదే విమానంలో కిందికి దిగి రావచ్చు. గాల్లో ఉండి, నేలమీదుంటే బాగుండుననుకోవడం కన్నా, నేలమీదుండి, గాల్లో ఉంటే బాగుండుననుకోవడం మేలని ఎగిరేవాళ్లలో ఓ నానుడి ఉంది. ఎంత చక్కటి మాట!

ఆగే హక్కు లేని రోజుల్లో ఈ పని చేసిన ఒక పిల్ల కథ చూడండి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో 1893లో పుట్టిన జార్జియాకి పన్నెండేళ్లకే పెళ్లి, పదమూడేళ్లకి తల్లి. భర్త ఆసరా లేదు. నూలుమిల్లులో పొద్దస్తమానం చాకిరీ. 1908లో, పదిహేనేళ్ల వయసులో, వేడిగాలి బెలూన్ల ప్రదర్శన చూసి, పసిబిడ్డని తన తల్లి దగ్గర వదిలి ఆ బృందంలో చేరిపోయింది. బెలూన్ మీంచి పారాచూట్‌తో దూకడం ఆమె పని. జనాన్ని రప్పించడానికి ఆమెకి చంటిపిల్లలా కుచ్చుల గౌను, రిబ్బన్లు, టోపీ తొడిగి 'బొమ్మ పిల్ల' అని చాటింపు వేసేవారు. ఆ వేషమంటే ఆమెకి ఒళ్లుమంట. టైనీ బ్రాడ్‌విక్ పేరుతో 1913లో విమానంలోంచి పారాచూట్‌తో దూకిన తొలి మహిళ అయింది. మరుసటేడు సైన్యానికి పారాచూట్ పనితనం చూపిస్తున్నప్పుడు, విమానానికి కట్టిన తాడు తోకకి చుట్టుకుంది. ఎలాగో బయటపడింది. మళ్లీ దూకినప్పుడు ఆ తాడుని కత్తిరించేసి, కొంత కిందికి పడ్డాక తన చేత్తోనే పారాచూట్ లాగింది. ఇవాళ స్కైడైవింగ్‌లో చేసేది అదే. ఆపద ఎక్కడినుంచి వచ్చిందో చూసి, దాన్ని తప్పించే దారి కనిపెట్టడం - తెలివంటే అదీ!

మన దేశంలో ఈ దారిన నడిచిన ఆడవాళ్లూ తక్కువవారు కాదు. 1959లో వైమానిక దళంలో డాక్టరుగా ఉన్న గీతా చందా పారాచూట్‌తో దూకారు. రైల్వేలో ఉద్యోగం చేసిన రేచల్ థామస్ 1979లో స్కైడైవింగ్ మొదలుపెట్టి, 2002లో ఉత్తర ధ్రువం మీద ఏడువేల అడుగుల ఎత్తునుంచి దూకారు. పుణెకి చెందిన శీతల్ మహాజన్ 2018లో తొమ్మిది గజాల చీర కట్టుకుని థాయ్‌లాండ్‌లో దూకారు. అప్పటికే ఆమె కవల పిల్లల తల్లి. చీరలో దూకిందని అందరం అబ్బురపడ్డాం. ఆ చీర చెంగు తాళ్లకి చుట్టుకోకుండా ముందుగా ఎంత జాగ్రత్త పడాలో అన్నది మనలో ఎంతమందికి తట్టింది?

ఇక 'బేస్ జంపింగ్' సంగతి. దీన్నీ స్కైడైవింగ్‌నీ ఒకే గాటన కట్టకూడదు. ఇందులో విమానం ఉండదు. మేడ, టవరు, వంతెన, కొండ కొమ్ము - వీటిమీంచి దూకుతారు. ఎత్తు తక్కువ, వ్యవధి తక్కువ. మొదటి పారాచూట్ విఫలమైతే రెండోదాన్ని తెరిచే సమయం ఉండదు కాబట్టి ఒక్కటే కట్టుకుంటారు. నార్వేలో చెరాగ్ అనే కొండ మీంచి 1995 నుంచి 2005 దాకా 20,850 సార్లు దూకితే తొమ్మిదిమంది పోయారని లెక్క తేలింది. అంటే ఇంచుమించు 2,300 సార్లకి ఒక ప్రాణం. స్కైడైవింగ్ లెక్కతో పోల్చి చూసుకోండి, తేడా ఎంతో!

అమెరికాలో యోసెమిటీ జాతీయ పార్కులో ఎల్ కాపిటన్ అనే మహా కొండ ఉంది. అక్కడ 1980లో కొద్దికాలం అనుమతించి, తర్వాత ఆపేశారు. అయినా చాటుమాటుగా దూకేవాళ్లు. పట్టుబడితే పరికరాలు జప్తు. 1999 జూన్‌లో ఒకతను దూకి క్షేమంగానే దిగాడు. కానీ పట్టుకోవడానికొచ్చిన రేంజర్లని తప్పించుకోబోయి నదిలో మునిగి చనిపోయాడు. ఆ అక్టోబరులో, ఈ క్రీడ ప్రమాదం కాదని చాటడానికి, నిషేధానికి నిరసనగా కొందరు బాహాటంగా దూకారు. వాళ్లలో జాన్ డేవిస్ అనే స్టంట్ కళాకారిణి ఉంది. ఎంతో అనుభవం ఉన్న మనిషి. తన పరికరాలు ఎలాగూ జప్తు అయిపోతాయి కదా అని, వేరే వాళ్లవి అరువు తెచ్చుకుంది. అందరూ చూస్తుండగా దూకింది. పారాచూట్ తెరుచుకోలేదు. కెమెరా పట్టుకుని చిత్రీకరిస్తున్నవాడు ఆమె భర్తే.

అరువు సొమ్ములు బరువు చేటని మన పెద్దలు ఊరికే అనలేదు. నిషేధించడం తప్పని నేననను. ప్రమాదం జరిగితే ప్రాణాలకి తెగించి వెళ్లాల్సింది ఆ పార్కు ఉద్యోగులే కదా. కానీ, ఇది మన ఇళ్లకీ వర్తించే పాఠం. చాటుగా చేసే పనిలో తనిఖీ చేసేవాళ్లుండరు. పంతానికి చేసే పనిలో ఆగే వీలుండదు. అందరూ చూస్తున్నారు, ఇప్పుడు వెనక్కి తగ్గితే నవ్వుతారు అన్నప్పుడు "ఇవాళ వద్దు" అనడానికి ఎంత గుండె కావాలి!

మన ఆడపిల్లలకి ఆ మాట అనడం నేర్పామా? చిన్నప్పట్నుంచీ "పెద్దవాళ్లు చెబితే ఎదురు చెప్పకు" అన్నాం. శుభలేఖలు పంచేశాక "ఇప్పుడు ఆగితే పరువు పోతుంది" అన్నాం. స్నేహితురాలు బండి వేగంగా నడుపుతుంటే "ఆపు, దిగిపోతాను" అని చెప్పలేక వెనక సీట్లో బిక్కచచ్చి కూర్చునే పిల్లలు మన మధ్యే ఉన్నారు. మగపిల్లల సంగతీ అంతే. "భయమేస్తోందా, ఆడపిల్లవా?" అన్న ఒక్క మాటతో వాళ్లకి ఆగే దారి మూసేస్తున్నాం. భయాన్ని పైకి చెప్పుకోలేనివాళ్లే ప్రమాదంలో పడతారు.

అందుకే, పిల్లలు "దూకుతానమ్మా" అన్నప్పుడు వద్దు అనే ముందు అడగాల్సినవి కొన్నున్నాయి. ఆ చోటుకి సంఘం గుర్తింపు ఉందా? శిక్షకుడికి తగిన అర్హత ఉందా? రెండో పారాచూట్ చివరిసారి ఎప్పుడు మడిచారు? నువ్వు సంతకం పెట్టే కాగితాల్లో ఏముందో చదివావా? గాలి బాగా లేకపోతే డబ్బు పోయినా ఆగుతావా? వీటికి జవాబు తెలియకపోతే తెలుసుకునేదాకా ఆగమందాం. అన్నిటికీ సరైన జవాబు చెప్పగలిగిన పిల్ల మన కేకలకి భయపడి దాక్కోవాల్సిన అవసరం లేదు.

చివరగా ఒక్క మాట గట్టిగా చెప్పి పంపిద్దాం - "తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చినా ఈ ఇంట్లో నిన్ను ఎవరూ నవ్వరు". ఆ భరోసా కొనే పారాచూట్‌లో దొరకదు. మనమే ఇవ్వాలి.