ఈ బిల్లు ఎవరికి పంపాలి?

నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్లే రోడ్డు మీద ఓ అరగంట నిలబడి చూడండి. బొగ్గు లారీలు, కంటైనర్లు, ట్యాంకర్లు... ఒకదాని వెనక ఒకటి. కొన్ని ట్యాంకర్ల మీద ఒక పలక ఉంటుంది. దాని మీద నాలుగంకెల నంబరు, ఓ ఫోన్ నంబరు. లోపలున్న సరుకేమిటో, బండి పల్టీ కొడితే ఎవరికి కబురు చెయ్యాలో చెప్పే పలక అది. ప్రమాదకరమైన సరుకు మోసే ప్రతి బండికీ అది ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి.

అలాంటి బండి ఒకటి అర్ధరాత్రి బోల్తా పడిందనుకుందాం. మంచినూనె అయితే జనం బిందెలతో పరిగెత్తుకొస్తారు. అదే యాసిడ్ అయితే? పోలీసులొస్తారు, ఫైరింజను వస్తుంది. ఆ తర్వాత భారమంతా పంచాయతీదే. ఇసుక తోలించాలి. జేసీబీని పిలిపించాలి. పారిశుద్ధ్య కార్మికులను దించాలి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను బడికి తరలిస్తే అక్కడ అన్నం వండించాలి. బోరు నీళ్లు తాగొద్దంటే వారం రోజులు ట్యాంకరుతో నీళ్లు సరఫరా చెయ్యాలి. బండి ఓనరు బండికి బీమా డబ్బులు తెచ్చుకుంటాడు. సరుకు ఓనరు సరుకుకు తెచ్చుకుంటాడు. పంచాయతీ మాత్రం వీధి దీపాలకని దాచుకున్న సొమ్ములోంచి జేసీబీ వాళ్ల బాకీ తీరుస్తుంది!

తుపాను వస్తే విపత్తు నిధి ఉంది కదా అంటారేమో. ఆ నిధికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితా వేరు. తుపాను, వరద, కరవు, అగ్నిప్రమాదం, సునామీ, చివరికి చలిగాలులు కూడా అందులో ఉన్నాయి. రసాయనాలు ఒలికిపోవడం లేదు. ఒక రకంగా అది సబబే. తుపానుకు యజమాని ఉండడు. ఒలికిన సరుకుకు యజమాని ఉంటాడు. కక్కించాల్సింది అతని చేతే.

ఆ దారి చట్టంలో ఎప్పుడో వేసి ఉంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ చూడండి. కాలుష్యానికి కారణమైనవాడు వెంటనే సమాచారమివ్వాలి, నివారణకు సాయపడాలి. అధికారులు దిగి శుభ్రం చేయిస్తే ఆ ఖర్చును వడ్డీతో సహా అతని దగ్గర్నుంచి భూమిశిస్తు బకాయి కింద రాబట్టవచ్చు. అంటే రైతు శిస్తు కట్టకపోతే ఏ జప్తు నోటీసు వచ్చేదో, అదే నోటీసు కంపెనీకీ పోవచ్చు. 2010 జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం ఇంకా వివరంగా రాసింది. ఏయే పద్దుల కింద పరిహారం అడగవచ్చో చివర్లో ఒక జాబితా ఇచ్చింది. బాధితుల సహాయ పునరావాసాలకు ప్రభుత్వమో, స్థానిక సంస్థో పెట్టిన ఖర్చు అందులో ఉంది. స్థానిక సంస్థకు జరిగిన నష్టమూ ఉంది. సర్పంచుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసంటారు?

విశాఖలో ఏం జరిగిందో మనందరికీ గుర్తే. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు మనిషికి పది వేలంది. అదంతా ఖజానా సొమ్మే. మర్నాడే హరిత ట్రైబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టి, 50 కోట్లు కలెక్టరు దగ్గర జమ చెయ్యమని కంపెనీని ఆదేశించింది. దాన్ని బాధితుల పరిహారానికి, పర్యావరణ పునరుద్ధరణకు వాడాలని జూన్ 1న చెప్పింది. పన్నెండు ప్రాణాలు పోయాయి, దేశమంతా టీవీల్లో చూసింది కాబట్టి అంత వేగం. అర్ధరాత్రి ముత్తుకూరు రోడ్డు మీద ఒలికిన యాసిడ్ కోసం ట్రైబ్యునల్ తనంతట తాను రాదు. మనమే వెళ్లాలి.

ఇక సముద్రం. మనకు ఎక్కువ గుబులు అక్కడే ఉండాలి. 2017 జనవరి 28న ఎన్నూరు కామరాజర్ రేవు దగ్గర బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు గుద్దుకున్నాయి. చమురేమీ కారలేదని రేవు వాళ్లు మొదట చెప్పారు. రెండు రోజులు తిరక్కుండానే చెన్నై ఒడ్డంతా నల్లటి ముద్ద. దాన్ని ఎత్తిపోసిందెవరు? మత్స్యకారులు, కాలేజీ పిల్లలు, ఫైర్ సిబ్బంది... బకెట్లతో! పులికాట్ సరస్సుకు అటు కొస దాటి కాస్త పోతే ఎన్నూరే. అదే మట్టి కండలేరు ఉప్పుటేరులోకి వస్తే వల పోతుంది, రొయ్యల చెరువూ పోతుంది.

కోస్ట్‌గార్డ్ జాతీయ ప్రణాళిక ప్రకారం 700 టన్నుల లోపు చమురు ఒలికితే మొదట చూసుకోవాల్సింది రేవు, అక్కడి సంస్థలు. ఒడ్డు శుభ్రం చెయ్యడం రాష్ట్ర ప్రభుత్వం పని. రాష్ట్ర ప్రభుత్వమంటే కలెక్టరు, కలెక్టరంటే చివరికి ఆ పాళెం పంచాయతీ. మైపాడులోనో, కోడూరులోనో మళ్లీ బకెట్లే.

కేరళ మాత్రం ఊరుకోలేదు. 2025 మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా-3 అనే కంటైనర్ల ఓడ మునిగింది. ప్లాస్టిక్ గుళికలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ రాష్ట్రం హైకోర్టుకెళ్లి 9,531 కోట్లు అడిగింది. మునిగిన ఓడను పట్టుకోలేరు కదా, ఆ కంపెనీకే చెందిన మరో ఓడను విళింజం రేవులో ఆపించింది! సెప్టెంబరులో కోర్టు 1,227 కోట్లకు పైగా పూచీ పెట్టమంది. 2017 అడ్మిరాల్టీ చట్టం కింద మన హైకోర్టుకూ ఆ అధికారముంది. ముంబయి దగ్గర 2011లో మునిగిన ఎంవీ రాక్ కేసులోనైతే ఓడ కంపెనీకి 100 కోట్లు, అందులో బొగ్గు తెప్పించుకున్న అదానీ ఎంటర్‌ప్రైజెస్‌కు 5 కోట్లు కట్టాలని హరిత ట్రైబ్యునల్ 2016లో తీర్పిచ్చింది. బొగ్గు ఓడలు వచ్చే మన రేవు జిల్లా వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది. సరుకు ఎవరిదన్నదీ ప్రశ్నే.

అమెరికాలో చాలా ఊళ్లు దీనికి సొంత నిబంధనలు రాసుకున్నాయి. ఫైరింజను గంటకు ఇంత, మనిషికి ఇంత అని లెక్కగట్టి ఒలికించినవాడికి బిల్లు పంపుతాయి. ఎవరి దగ్గరా వసూలు కాకపోతే అక్కడి పర్యావరణ సంస్థ ఒక్కో ఘటనకు 25 వేల డాలర్ల దాకా తిరిగిస్తుంది. మన తీరప్రాంత పాళేల్లోనూ కాపుల కట్టుబాటు దాటినవాడి చేత తప్పు కట్టించడం తాతల నాటి అలవాటే. దానికి కాగితాలు అక్కర్లేదు. కంపెనీకి, బీమావాళ్లకి మాత్రం కాగితమే కావాలి.

చిక్కంతా అక్కడే ఉంది. పంచాయతీ తానుగా జప్తుకు వెళ్లలేదు. లెక్క కలెక్టరు దగ్గరికి, కాలుష్య నియంత్రణ మండలికి చేరాలి. ఓడల కేసుల్లో పరిహారం ఇచ్చేవాళ్లు ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎన్ని గంటలు పనిచేశారని రోజువారీగా అడుగుతారు. కాబట్టి మొదటి గంటలోనే పలక మీది నంబరు, బండి నంబరు ఫొటో తీయాలి. నమూనా పట్టించి పంచనామా రాయించాలి. జేసీబీ ఎన్ని గంటలు తిరిగిందో, ఎన్ని ట్యాంకర్ల నీళ్లు తోలారో, ఏ కూలీకి ఎంత ఇచ్చారో సంతకాలతో సహా మస్టరులో ఎక్కాలి. బకెట్ పట్టుకున్న మత్స్యకారుడి రోజుకూలీ కూడా ఎక్కాలి. అది సేవ అని వదిలేస్తే, ఆ మేరకు ఓడ కంపెనీకి మనం చందా ఇచ్చినట్టే! రేట్ల పట్టిక ఒకటి జిల్లా స్థాయిలో ముందే తయారుచేసి పెడితే బేరాలుండవు.

ట్రైబ్యునల్‌లో పరిహారం అడగడానికి గడువు ఐదేళ్లు. ఆలోగా సర్పంచి మారతారు, కార్యదర్శి బదిలీ అవుతారు. మస్టరు పుస్తకం మాత్రం ఆఫీసు బీరువాలోనే ఉండాలి.