పాట అడగడానికి వెళ్ళండి

సిడ్నీ, కేప్ బ్రెటన్, నోవా స్కోషియా, కెనడా.



గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో, హైదరాబాదు నుంచో కేప్ బ్రెటన్ యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చిన మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీకు ఈ దీవి అంటే క్లాసులు, పార్ట్ టైమ్ ఉద్యోగం, అద్దె గది, మంచు, వర్క్ పర్మిట్. అప్పు చేసి చదువుకు వచ్చినవాళ్ళకు ముందు అవే కనిపిస్తాయి, కనిపించాలి కూడా. కానీ మీరు దిగిన ఈ ఊరి చుట్టుపక్కల, రెండు వందల ఏళ్ళ కిందట మనలాగే సముద్రం దాటి వచ్చినవాళ్ళ పాటలు ఇంకా వినిపిస్తున్నాయి. ఏవి ఎలా నిలిచాయో, ఏవి ఎందుకు పోయాయో మీకు చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

వాళ్ళు స్కాట్లండ్ ఉత్తర కొండల నుంచి, పడమటి దీవుల నుంచి వచ్చిన, గేలిక్ భాష మాట్లాడేవాళ్ళు. గొర్రెల పెంపకంలో లాభముందని భూస్వాములు కౌలురైతులను ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. 1773లో హెక్టర్ అనే ఓడ సుమారు రెండు వందల మందిని పిక్టో రేవులో దింపింది. ఆ తర్వాత పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో వేల మంది ఈ దీవికి వచ్చారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఒక చోట చేరారు. బారా దీవి వాళ్ళు అయోనా, క్రిస్మస్ ఐలండ్ పక్కన, లోఖాబర్ వాళ్ళు మాబూ దగ్గర దిగారు. అందుకే ఒక్కో ఊరి పాట ఒక్కో తీరుగా మిగిలింది.

వెంట తెచ్చుకున్నవాటితోనే వాళ్ళు సరిపెట్టుకోలేదు. జాన్ మాక్లీన్ అనే కవి 1819లో పిక్టో వైపు వచ్చాడు. స్కాట్లండ్‌లో కోల్ దీవి దొరకు ఆస్థాన కవి. పిక్టో పక్కన చీకటి అడవిలో చెట్లు నరుకుతూ, చలికి వణుకుతూ, ఆశపెట్టి పంపినవాళ్ళను తిట్టుకుంటూ ఒక పాట కట్టాడు. అది స్కాట్లండ్ దాకా పాకింది. వచ్చిన దేశం గురించి తమ భాషలో కొత్త పాట కట్టగలిగినంత కాలం ఆ భాష బతికే ఉన్నట్టు. ఈ మాట మన గురించి కూడా అంటున్నాను. అమెరికా, కెనడా వచ్చిన తెలుగువాళ్ళం ఇక్కడి మంచు మీద, ఇక్కడి నైట్ షిఫ్టుల మీద ఎన్ని పాటలు కట్టుకున్నాం?

మీరు తప్పకుండా చూడాల్సింది మిల్లింగ్ ఫ్రాలిక్. కొత్తగా నేసిన ఉన్నిబట్టను తడిపి, పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని, చేతులతో బల్లకేసి బాదుతూ పక్కవాళ్ళ వైపు జరుపుతూ ఉండేవాళ్ళు. అలా బాదితే నేత దగ్గరపడి బట్ట దట్టమవుతుంది, చలిగాలి దూరదు. గంటల తరబడి సాగే పని. చేతులన్నీ ఒకేసారి లేచి ఒకేసారి పడాలంటే పాట ఉండి తీరాలి. ఒకరు చరణం ఎత్తుకుంటారు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పల్లవి అందుకుంటారు. ఆ పల్లవుల్లో చాలావరకు దరువు కోసం పెట్టుకున్న అక్షరాలే, మన రోకటి పాటల్లో సువ్వి లాగా. భాష రాని నేను కూడా బల్ల దగ్గర కూర్చుని పల్లవి అందుకోగలుగుతున్నానంటే అందుకే. చరణాల్లో మాత్రం ప్రేమలున్నాయి, ఓడ మునిగి పోయినవాళ్ళ కోసం ఏడుపులున్నాయి, ఎకసక్కేలున్నాయి.

స్కాట్లండ్‌లో ఇది ఆడవాళ్ళ పని. ఇక్కడికి వచ్చాక మగవాళ్ళూ బల్ల దగ్గర చేరారు. మిల్లు బట్ట వచ్చాక ఆ పని అవసరం లేకుండా పోయింది. అయినా వాళ్ళు బల్లను, బట్టను వదల్లేదు. బాదాల్సిన అవసరం లేని బట్టను పాట కోసం బాదుతూనే ఉన్నారు. మన ఊళ్ళలో రైసు మిల్లు వచ్చింది, రోకలి మూలకు చేరింది, దానితోపాటు దంపుడు పాటలూ వెళ్ళిపోయాయి. పెళ్ళిలో పసుపు దంచే ఆ కాసేపు తప్ప వాటికి వేరే చోటు మనం ఉంచలేదు. పాడుకునే చోటు లేని పాట నోట ఎన్నాళ్ళు నిలుస్తుంది?

వీళ్ళు పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు. 1892 నుంచి 1904 దాకా ఇదే సిడ్నీలో మాక్‌టల్లా అనే పత్రిక మొత్తం గేలిక్‌లోనే వచ్చేది. ఆ ఊపంతా మూడు నాలుగు తరాల్లో జారిపోయింది. బళ్ళలో ఇంగ్లీషే. గేలిక్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్నామని చెప్పిన ముసలివాళ్ళు ఎందరో. బొగ్గు గనులకూ బోస్టన్‌కూ వలసలు. వీటన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసింది ఇళ్ళలో జరిగినదే. అమ్మానాన్నలు తమలో తాము గేలిక్ మాట్లాడుకుని పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడారు. పిల్లలకు తెలియకూడని సంగతులకు మాత్రమే గేలిక్ మిగిలింది. డల్లాస్‌లోనూ టొరంటోలోనూ మన ఇళ్ళలో ఇప్పుడు జరుగుతున్నది అచ్చంగా ఇదే. 2011 జనగణనలో నోవా స్కోషియా మొత్తం మీద గేలిక్ వచ్చినవాళ్ళు 1,275 మంది.

ఫిడేలు సంగతి దీనికి భిన్నంగా నడిచింది. 1971లో సీబీసీ టీవీలో కేప్ బ్రెటన్ ఫిడేలు వాయించేవాళ్ళు కనుమరుగవుతున్నారని ఒక డాక్యుమెంటరీ వేశారు. ఆ మాట జనానికి రోషం తెప్పించింది. ఫాదర్ జాన్ ఆంగస్ రాంకిన్ లాంటివాళ్ళు పూనుకుంటే, 1973లో గ్లెన్‌డేల్‌లో వంద మందికి పైగా ఒకే వేదిక మీద ఫిడేలు వాయించారు. పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. నాటలీ మాక్‌మాస్టర్, ఆష్లీ మాకైజాక్ ప్రపంచమంతా తిరిగి వాయించారు. పాదంతో తాళం వేసే ఇక్కడి స్టెప్ డాన్స్‌ను, అక్కడ దాదాపు మరిచిపోయాక, స్కాట్లండ్ వాళ్ళే ఇక్కడి గురువుల దగ్గర మళ్ళీ నేర్చుకున్నారు.

బాణీ కొన్నేళ్ళలో కోలుకుంది కానీ పాట కోలుకోలేదు. బాణీకి చెవి, చెయ్యి చాలు. చరణం పాడాలంటే భాష రావాలి, భాష రావాలంటే ఇంట్లో ఎవరో మాట్లాడి ఉండాలి. అందుకే మీతో గట్టిగా అంటున్నాను: ఉగాదికి డాన్సు చేయించి మన సంస్కృతి నిలబెట్టామని అనుకోవద్దు. అడుగులు వేయడం భాష రాని పిల్లలకూ వస్తుంది. మంగళహారతి, అప్పగింతల పాట, బతుకమ్మ పాట అర్థం తెలిసి పాడాలంటే తెలుగు రావాలి.

రికార్డులు చేసినవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను. 1937లో జాన్ లార్న్ కాంబెల్, ఆయన భార్య మార్గరెట్ ఫే షా రికార్డింగ్ యంత్రం మోసుకుని ఈ దీవి తిరిగారు. 1970ల చివర నుంచి జాన్ షా ఇల్లిల్లూ తిరిగి వందల పాటలూ కథలూ టేపులకెక్కించాడు. ఆయన కూర్చిన జో నీల్ మాక్‌నీల్ కథల పుస్తకం 1987లో వచ్చింది. జో నీల్ తాను ఏ కథ ఎవరింట్లో విన్నాడో కూడా గుర్తుపెట్టుకుని చెప్పిన మనిషి. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది అదే. కథతోపాటు చెప్పినవాళ్ళ పేరూ నిలుస్తుంది.

కానీ టేపు భద్రంగా ఉన్నంత మాత్రాన పాట బతికినట్టు కాదు. మేరీ జేన్ లామండ్ అంటారియోలో పుట్టింది. తాతముత్తాతల ఊరు ఇక్కడి నార్త్ షోర్. గేలిక్ పెద్దయ్యాకే నేర్చుకుంది. టేపులతో సరిపెట్టుకోకుండా ముసలి గాయకుల ఎదుట కూర్చుని పాటలు అడిగి తీసుకుంది. 1995లో ఆష్లీ ఫిడేలుకు ఆమె గేలిక్ పాట కలిస్తే కెనడా రేడియోలన్నీ మోగించాయి. ఇప్పుడు ఇక్కడి గేలిక్ వ్యవహారాల శాఖ కూడా ఆ దారే పట్టింది. భాష వచ్చిన పెద్దలతో నేర్చుకునేవాళ్ళను జతచేస్తారు, కలిసి గంటల తరబడి గేలిక్‌లోనే గడపమంటారు. 2021లో మాబూలో గేలిక్‌లోనే పాఠాలు చెప్పే చిన్న బడి కూడా తెరిచారు. ఆలస్యమే, కాదనను. అయినా నాకు వాళ్ళ మీద నమ్మకముంది.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, అక్టోబరులో కెల్టిక్ కలర్స్ ఉత్సవాలు జరిగేటప్పుడు ఒక్క సాయంత్రమైనా షిఫ్టు మార్పించుకుని మిల్లింగ్ ఫ్రాలిక్‌కు వెళ్ళండి. మీరెవరని ఎవరూ నిలదీయరు, బల్ల దగ్గర జరిగి చోటిస్తారు. పల్లవి మీకు రెండో సారికే పట్టుబడుతుంది. తర్వాత ఊళ్ళో అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి ఒక పాట అడగండి. అది ఎవరు నేర్పారో, ఏ పని చేస్తూ పాడేవాళ్ళో కూడా అడగండి. రికార్డు చేసి వదిలేయకుండా ఆవిడకు వినిపించేటంతగా నేర్చుకోండి, వచ్చే ఫోనులో మీరే పాడండి. ఏదైనా పదం అర్థం కాకపోతే అప్పుడే అడగండి. చెప్పేవాళ్ళు ఉండగానే అడగాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ