ముందు ఫొటో చూపించండి సారూ!

కిందటి నెల మా వాడ తమ్ముడొకడు పొద్దున్నే అడ్డా మీదికి పోతుంటే పట్నం చౌరస్తాలో బండి ఆపారు. చేతి మిషన్‌లో నంబరు కొట్టి, 'నీ బండి మీద ఆరు చలానాలున్నయి. కట్టు, లేకుంటే బండి ఈడ పెట్టి పో' అన్నారు. ఎందుకు పడ్డయి, ఎప్పుడు పడ్డయి అని వాడు అడగలేదు. ఖాకీ బట్టల ముందు నోరిప్పి అడగడం మనకెవరు నేర్పారు గనక? బండి అక్కడే వదిలి నడుచుకుంటూ పోయాడు. వాడు చేరేసరికి మేస్త్రీ మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు కూలి పోయింది.

రాత్రి మా దగ్గరికొచ్చి చెబితే ఫోన్లో ఆ నంబరు కొట్టి చూశాం. ఆరింటిలో నాలుగు హెల్మెట్ లేనివి. ఫొటోలో వాడే ఉన్నాడు. అవి వాడి తప్పులే, మేము వెనకేసుకు రావడం లేదు. హెల్మెట్ పోలీసు కోసం కాదు, తలకాయ కోసం. కానీ అయిదో ఫొటోలో ఉన్నది స్కూటీ. వాడిది స్ప్లెండర్! స్కూటీ నంబరు పలకకు బురద అంటి ఉంది, 3ని 8గా చదివినట్టున్నారు. ఆరోది వాడు బండి కొనకముందు తారీకుది. చూడకుండా కట్టి ఉంటే ఎవడో చేసిన రెండు తప్పులకు వీడి కూలి డబ్బులు పోయేవి.

'కెమెరాకు కులం లేదు, దాని ముందు అందరూ సమానమే' అంటారు పెద్దమనుషులు. సరే, కెమెరాకు లేదు. కారున్న దొరకు మెసేజ్ వస్తుంది, డ్రైవర్ చూస్తాడు, తప్పయితే వకీలు చూస్తాడు. మనవాడికి సంగతి తెలిసేది చౌరస్తాలోనే. ఎందుకంటే మెసేజ్ పోయేది ఆర్.సి.లో ఉన్న ఫోన్ నంబరుకు. సెకండ్ హ్యాండ్ బండ్లలో అది బ్రోకర్‌దో, పాత ఓనర్‌దో, ఎప్పుడో పారేసిన సిమ్ముదో.

2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచింది. ఆ చట్టంలో లైసెన్సు లేకుంటే 5000, ఇన్సూరెన్సు లేకుంటే మొదటిసారి 2000. కోర్టుకు పోకుండా రాజీ కింద కట్టే సొమ్మెంతో రాష్ట్రాలు నిర్ణయిస్తాయి గనక ఆంధ్రాలో ఒక లెక్క, తెలంగాణలో ఒక లెక్క. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. 5000 అంటే పదహారు రోజులు మట్టి తవ్వినా తీరదు. కారులో తిరిగేవాడికి అది ఒక పూట విందు ఖర్చు.

ఈ జరిమానాలు పేదలు కట్టలేరని సర్కారుకూ తెలుసు. 2022 మార్చిలో తెలంగాణలో బైకులకు, ఆటోలకు పాత చలానాలపై 75 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబరు చివర మళ్ళీ 80 శాతం ఇచ్చారు. ఆ జాబితాలో తోపుడు బండ్లు కూడా ఉన్నాయి, వాటికి 90 శాతం. అరటిపండ్ల బండి మీద కూడా ట్రాఫిక్ చలానా రాశారని దీన్ని బట్టి తెలుసుకోండి! మాఫీ సంగతి తెలిసినవాడు పావలా వంతు కట్టి బయటపడ్డాడు. అంతకు ముందే చౌరస్తాలో పట్టుబడ్డ కూలివాడు రూపాయికి రూపాయి కట్టి ఉన్నాడు.

అందుకని చూడటం నేర్చుకోవాలి. పెద్ద విద్యేం కాదు. కేంద్రం వారి సైటు ఈచలాన్ డాట్ పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్. బండి నంబరు, ఆర్.సి. మీదున్న ఛాసిస్ నంబరు చివరి అంకెలు కొడితే వస్తుంది. రాష్ట్ర పోలీసుల సైట్లు వేరే ఉన్నాయి, రెండూ చూడాలి. తారీకు, చోటు, టైము, ఫొటో నాలుగూ సరిపోవాలి. కెమెరాతో పట్టిన తప్పుకు ఫొటోలో తప్పూ, నంబరు పలకా రెండూ కనబడాలని, 15 రోజుల్లో నోటీసు పంపాలని 2021లో వచ్చిన కేంద్ర రూలే చెబుతోంది. ఫొటో అడగడం ఎదురు తిరగడం కాదు. వాట్సాప్‌లో 'ఆర్టీవో చలాన్' అని ఏదైనా ఫైలు వస్తే మాత్రం ముట్టుకోవద్దు. అది దొంగలది, నొక్కితే బ్యాంకులో ఉన్నది ఊడ్చుకుపోతారు. అసలు సైటు పేరు గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది.

ఇంకో జబ్బు మనలో ఉంది. బండి అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, తెల్ల కాగితం మీద సంతకం పెట్టి వదిలేస్తాం. ఆర్.సి. పేరు మారదు. కొన్నవాడు ఎక్కడ ఏం చేసినా కాగితం మన ఇంటికే వస్తుంది. చలానా అయితే కొంత నయం, యాక్సిడెంటైతే కోర్టు మెట్లెక్కాలి. 29, 30 నంబరు ఫారాలు నింపాలి. అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. బ్రోకర్ 'నేను చూసుకుంటా' అంటే నమ్మకండి.

రాజీ సొమ్ము కట్టడం ఇష్టముంటేనే. తప్పు చేయలేదనుకుంటే కోర్టులో చెప్పుకోవచ్చు. వకీలుకు డబ్బెక్కడిది అంటారా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు సంపాదన ఎంతని అడగకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. కుల సర్టిఫికెట్ చాలు. ఫోన్ 15100. లోక్ అదాలత్‌లు కూడా ఈ సంస్థలే నడుపుతాయి, చిన్న కేసులు అక్కడ తేల్చుకోవచ్చు. మన సంఘాల్లో తిరిగేవాళ్ళలోనే ఎందరికి తెలుసు ఈ సెక్షను?

తెల్లారి ఫొటోల ప్రింటు పట్టుకుని ముగ్గురం స్టేషనుకు పోయాం. స్కూటీ ఫొటో ముందు పెడితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ఇది మేం తీసేది కాదు, పైకి రాసుకోండి' అన్నారు. రాసి, రసీదు తీసుకున్నాం. బండి ఇచ్చారు. నాలుగు చలానాలు తమ్ముడు కట్టాడు, రెండు కట్టలేదు. హెల్మెట్ కూడా కొన్నాడు, పాతదే అనుకోండి.

వచ్చే ఆదివారం సాయంత్రం అంబేద్కర్ విగ్రహం దగ్గర కూర్చుంటున్నాం. బండి ఉన్నవాళ్ళు ఆర్.సి. తెచ్చుకోండి. బండి అమ్మేసినవాళ్ళు కూడా రండి, మీ పని ముందు చూస్తాం.