తొందర అమ్మబడును

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఉప్మా, జిలేబీ తిని, కాఫీ తాగి, అమ్మాయిని నాలుగు ప్రశ్నలడిగి, గుమ్మం దిగేటప్పుడు ఏమంటారు? "ఇంటికెళ్ళి ఆలోచించుకుని కబురు చేస్తాం" అంటారు. నూరేళ్ళ వ్యవహారంలోనే ఆ వెసులుబాటు వుంది. దానికి కోపం తెచ్చుకున్న ఆడపిల్ల తండ్రిని నేనింతవరకు చూడలేదు. మరి నాలుగు లక్షలు పోసి పదేళ్ళ నాటి కారు కొనేటప్పుడు అదే మాట మనమంటే, అమ్మేవాడికి అంత చిన్నతనమెందుకో!

"మీ ముందే ఇంకో పార్టీ ఫోన్ చేసింది." "సాయంత్రం వస్తే ఈ రేటు వుండదు." "పదివేలు పడేసి వెళ్ళండి, మిగతాది తర్వాత చూసుకుందాం." పాత కార్ల బేరంలో ఈ మంత్రాలు వినని ఇల్లు నేడు తక్కువ. నా వాదన వొక్కటే. అతను ముందుగా మనకి అమ్మేది కారు కాదు, తొందర. ఆ తొందర కొన్నవాళ్ళు తర్వాత ఏ కారైనా కొంటారు.

మా పిన్ని కూతురిది ఎల్లారెడ్డి. భర్త దుబాయిలో పని చేస్తాడు. రెండేళ్ళకోసారి నెలరోజుల సెలవు మీద వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు పాత కారు కొందామనుకున్నారు. అతను పంపిన డబ్బు కొంత, ఆమె నెలనెలా కట్టిన చీటీ డబ్బు కొంత. కామారెడ్డిలో వొక కన్సల్టెన్సీకి వెళుతూ నన్నూ తోడు రమ్మన్నారు.

అక్కడి కుర్రాడు మాటకారి. "సింగిల్ ఓనర్ బండి అన్నా. డాక్టర్ సాబ్ నడిపిండు. పొద్దున్నుంచి మూడు పార్టీలు చూసి పోయిండ్రు. బాన్సువాడ ఆయన పైసలు పట్టుకొని బస్సెక్కిండట. బయానా పెట్టుండ్రి, బండి మీది" అన్నాడు.

"ఇంట్ల ఒక్కమాట అనుకొని చెప్తం" అన్నాడు మా మరిది.

కుర్రాడు నవ్వాడు. "ఏందన్నా, దుబాయి పోయొచ్చినోడివి, బండి కొననీకి కూడ ఇంట్ల అడుగుతవా?"

ఆ "ఇల్లు" పక్కనే నిలబడి వుంది! చీటీ డబ్బు సంచీలో పెట్టుకుని. ఆమె నెమ్మదిగా "ఆర్.సి. చూపియ్యి తమ్మీ" అంది. అతను సమాధానం ఆమెకి కాదు, మా మరిదికి చెప్పాడు: "ఫైనాన్స్ కాడ వున్నదన్నా, రెండు దినాలల్ల వస్తది." ఆ మాటతో మేం లేచి వచ్చేశాం. వారం తర్వాత నేనా దారిన బస్సులో వస్తూ చూస్తే కారు అక్కడే వుంది. బాన్సువాడ ఆయన ఎక్కిన బస్సు ఇంకా చేరినట్టు లేదు.

నా కోపం అబద్ధం మీద కాదు. బేరమన్నాక కాస్త అతిశయోక్తి వుంటుంది; కూరగాయల బుట్ట దించిన అవ్వ కూడా "ఇప్పుడే తెంపుకొచ్చిన బిడ్డా" అనే అంటుంది. నా కోపం ఆ నవ్వు మీద. భార్యతో ఆలోచించడం మగతనానికి తక్కువన్నట్టు నవ్వి, ఆ సిగ్గుతో మగవాడి జేబు విప్పించడం పాత ఎత్తు. ఆ దెబ్బ తగిలేది అతనికి. నష్టపోయేది మాత్రం సంసారం. ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు బీడీలు చుట్టి, చీటీలు కట్టి, గొలుసు కుదువపెట్టి డబ్బు కూడేస్తారో అందరికీ తెలుసు. డబ్బు కట్టేటప్పుడు వున్న మనిషి, మాటల్లో మాత్రం వుండకూడదా?

ఈ ఎత్తులకి ప్రభుత్వం పేర్లు కూడా పెట్టింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, ఇంటర్నెట్ అమ్మకాల్లో చేయకూడని 13 మోసపు పోకడల్ని జాబితా రాసి నిషేధించింది. "ఇంకొక్కటే మిగిలింది, త్వరపడండి" అని లేని తొందర పుట్టించడం వాటిలో వొకటి. వద్దన్నవాళ్ళని సిగ్గుపరచి వొప్పించడం ఇంకొకటి. చూశారా! ఫోను తెర మీద తప్పయిన పని, రోడ్డు పక్క షెడ్డులో నోటితో చేస్తే చమత్కారం ఎలా అవుతుంది?

"మా కష్టాలు మీకేం తెలుసు? షెడ్డు అద్దె, అప్పుల మీద వడ్డీ, బండి నిలబడితే మాకు నష్టం" అంటారు వ్యాపారులు. నిజమే. నిజాయితీగా బతికేవాళ్ళు వాళ్ళలో చాలామంది వున్నారు. నేను మాట్లాడుతున్నది వాళ్ళ పక్షానే. మనం కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అమెరికాలో చెడిపోయిన కారునే నిమ్మకాయ అంటారు. ఆ నిమ్మకాయల బజారు గురించి జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో వొక వ్యాసం రాశాడు. కారు లోపల ఏముందో అమ్మేవాడికే తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు, మంచి కారుకీ చెడ్డ కారుకీ వొకటే ధర పలుకుతుంది. అప్పుడు మంచి కారున్నవాడు గిట్టక తప్పుకుంటాడు, బజారులో నిమ్మకాయలే మిగులుతాయి. 2001లో ఆయన మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంటే తొందరపెట్టేవాడు మనకే కాదు, పక్క షెడ్డులోని నిజాయితీపరుడికీ శత్రువే. ఆ దేశంలో 1985 నుంచి, పాత కారు అమ్మే డీలరు దానికి వారంటీ వుందో లేదో కాగితం మీద రాసి కారుకే అంటించాలన్న నిబంధన వుంది. మనకి ఆ కాగితం లేదు. మనకున్నది మన నోరే.

తొందరకి ఇంకో విషపు కోర వుంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. వున్న విషయం తప్పుగా చెప్పో, దాచిపెట్టో వొప్పించిన బేరాన్ని రద్దు చేసుకోవచ్చంటుంది అది. కానీ మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు మనకి వుండివుంటే ఆ హక్కు లేదంటుంది. ఆ శ్రద్ధకే కదా అతను గడువివ్వనిది! అంటే తొందర మన డబ్బునే కాదు, రేపటి మన ఫిర్యాదును కూడా ముందే మింగేస్తుంది.

ఆ శ్రద్ధకి పట్టే సమయం ఎంత? వొక పూట. బండి నంబరు కొడితే అది ఎప్పుడు రిజిస్టరయిందో, ఇన్సూరెన్సు వుందో లేదో ఫోనులోనే కనిపిస్తుంది. ఆర్.సి. మీద ఫైనాన్స్ పేరుంటే, ఆ అప్పు తీరినట్టు వాళ్ళిచ్చే కాగితం లేకుండా పైసా ఇవ్వకూడదు. 2020 అక్టోబరులో హైదరాబాదునీ, 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డినీ వానలు ముంచెత్తాయి. నీళ్ళు తాగిన కారు సెంటు పూసుకుని ఎక్కడో వొకచోట బేరానికొస్తుంది. సీటుబెల్టు చివరిదాకా లాగితే మట్టిమరక కనిపిస్తుంది. కాళ్ళ కింది పట్టా ఎత్తితే వాసన తెలుస్తుంది. మన మెకానిక్ వొకసారి చూస్తానంటే మంచి కారున్నవాడు తాళాలిస్తాడు, రెండోరకం వాడు కథ చెబుతాడు.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణాశాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన కూడా వుంది. అడగండి. అడగడం అమర్యాద కాదు. బయానా ఇస్తే రసీదు మీద బండి నంబరు, ధర, "కాగితాలు సరిగా లేకపోతే డబ్బు వాపసు" అన్న మాట రాయించండి. రాయనంటే, మీకు కావలసిన జవాబు దొరికినట్టే. అప్పటికీ మోసం జరిగితే 1915కి ఫోన్ చేయండి, మీరున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు ఇవ్వండి. 5 లక్షల లోపు వస్తువైతే దానికి ఫీజు కూడా లేదు.

మనకి చిన్నప్పటినుంచీ మొహమాటం నేర్పారు. ఎదుటివాడు టీ తెప్పించాడు కదా, అంతసేపు చూపించాడు కదా అని కుంచించుకుపోతాం. టీ ఖరీదు పది రూపాయలు. తాగండి, థాంక్స్ చెప్పండి, లేచి రండి. పెళ్ళిచూపుల్లో కుర్చీలో కూర్చుని, ఎవరో ఆలోచించుకుని చెప్పే కబురు కోసం రోజులు లెక్కపెట్టిన తరాలు మనవి. ఆ మాట అనే వంతు ఇప్పుడు మనకి వచ్చింది. గట్టిగానే అందాం. కారు మంచిదైతే రేపు కూడా మంచిదే. రేపటికి చెడిపోయే కారు మనకి ఇవాళ మాత్రం ఎందుకు?