ఎద్దుకి పేరుంది, తోలినోళ్లకి ఏదీ?

ఆగస్టు 31 వస్తా ఉంది. ఆ రోజు ఏం చెయ్యాలని హాస్టల్లో మేమందరం మాట్లాడుకున్నాం. ఆ మాటే ఇక్కడ పెడుతున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం 'నెలోర్' జాతివే. ఆ పేరు మన నెల్లూరిదే, ఆ పశువులు మన ఒంగోలు జాతివే. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ జాతి ఆవు వియాటినా-19 విలువ 40 లక్షల డాలర్లు దాటిందన్న వార్త వచ్చినప్పుడు మనమందరం స్టేటస్ పెట్టుకున్నాం. మంచిదే. ఆ జాతిని పెంచి కాపాడిన రైతులకి గౌరవం దక్కాల్సిందే.

అయితే పశువుల చరిత్ర కొట్టంతో అయిపోదు. వాటిని మేపినోళ్లు, దారెంట తోలినోళ్లు కూడా ఉన్నారు. రైతుల గొడ్లని, మేకల్ని కాసినోళ్లలో మన యానాదులు ఎంతోమంది. రైలు రాకముందు సముద్రం ఒడ్డు కొటార్లలో పండిన ఉప్పుని ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకి చేర్చింది మన ఎరుకలోళ్లు. తిరుగు దారిలో ధాన్యం తెచ్చారు. సుగాలీల ఎద్దుల బిడారులైతే 1791-92లో మైసూరు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికే ధాన్యం మోశాయి. ఏ వాగు ఎక్కడ దాటాలి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఎద్దు ముందు నడవాలి, బరువుకి వీపు పుండు పడితే ఏం చెయ్యాలి, ఇవన్నీ తెలియకుండా ఆ పని జరగదు. అది చదువు కాదా?

తర్వాత రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. బేరం పోయింది. ఒకచోట నిలవకుండా తిరిగేవాళ్లంటే తెల్లదొరలకి అనుమానం. 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మన జిల్లా కావలిలోనే ఎరుకలోళ్లకి సెటిల్‌మెంట్ పెట్టారు. నడకే బతుకైనోళ్లని కదలనియ్యకుండా హాజరు వేయించారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పుస్తకంలో చట్టం పోయింది గానీ ఊళ్లో దొంగతనం జరిగితే మన కాలనీ వైపు చూసే చూపు ఇంకా పోలేదు.

"ఉద్యోగాల కోసం చదువుతా ఉంటే ఈ ఎద్దులు, గాడిదల గోల ఎందుకు?" అని మాలోనే కొందరు అడిగారు. మళ్లీ గాడిదలు తోలమని మేము అనడం లేదు. ఆ బతుకు సులువని కూడా అనడం లేదు. కానీ ఎవరైనా "మీది దొంగల కులమంట కదా" అంటే తల దించుకుంటున్నాం. మా తాతలు ఈ జిల్లాకి రవాణా నడిపారని చెప్పే మాట మన నోట్లో ఉండాలి. కుల సర్టిఫికెట్ సీటు ఇప్పిస్తుంది, ఈ మాట ఇయ్యదు.

అందుకే ఈ ఆగస్టు 31న దండ వేసి, ఫోటో దిగి వదిలెయ్యొద్దు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అవ్వనో, తాతనో, మేకలు కాసే పెదనాన్ననో అడగండి. పశువుల్ని ఏమని పిలిచేవాళ్లు? ఎక్కడ మజిలీ చేసేవాళ్లు? ఏ ఆకు మందు వేసేవాళ్లు? కుర్రు భాషలో చెబితే అలాగే, గోర్ బోలీలో చెబితే అలాగే రాయండి. హాస్టల్‌కి ఒక నోట్‌బుక్ చాలు. రేపు ఒంగోలు గిత్తల పోటీలు జరిగే చోట తోలినోళ్ల గురించి కూడా ఒక బోర్డు పెట్టమని అడగాలంటే, ముందు ఆ బోర్డు మీద రాయాల్సింది మన దగ్గర ఉండాలి.

పెద్దోళ్లు ఎంతోకాలం ఉండరు. అడగండి.

జై భీమ్, జై ఆదివాసీ.