వంతెన మీద తారు బరువు

రాజమండ్రి-కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన మీద గుంత పడితే తారు వేయమని అందరం అడుగుతాం. 2027 గోదావరి పుష్కరాలు దగ్గరపడే కొద్దీ ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నేను అడిగేది మాత్రం ముందు పాత తారు గీకించమని.

1974లో ప్రారంభమైన ఈ వంతెనకు 91.5 మీటర్ల స్పాన్లు 27, వాటిలో సగం పొడవున్నవి మరో 7 ఉన్నాయి. పైన లారీలు, కింద రైళ్లు. రెంటినీ మోసేది ఆ ఉక్కు గర్డర్లే. లారీ వస్తుంది, పోతుంది. తారు పొర బరువు మాత్రం రాత్రింబవళ్లు గర్డర్ల మీదే ఉంటుంది. అంగుళం మందాన పోస్తే చదరపు మీటరుకు యాభై కిలోల పైమాటే.

అమెరికాలో మినియాపోలిస్‌లో మిసిసిపీ నది మీది ఉక్కు వంతెన 2007 ఆగస్టు 1న కూలి 13 మంది చనిపోయారు. దాని ట్రస్ ఉక్కు భాగాలను కలిపే ప్లేట్లు డిజైన్‌లోనే పలచగా ఉన్నాయి. ఆ వంతెన మీద ఏళ్ల తరబడి కాంక్రీటు పొర, కొత్త గోడలు చేరాయి. ఆ రోజు మరమ్మతు సామగ్రి కూడా వంతెన మీదే ఉంది. మన వంతెన అలాంటిదని అనడం లేదు. పాత ఉక్కు మీద చేర్చే ప్రతి కిలోకూ లెక్క ఉండాలంటున్నాను.

ఇక జాయింట్లు. వేడి ముప్పై డిగ్రీలు పెరిగితే 91.5 మీటర్ల ఉక్కు సుమారు మూడు సెంటీమీటర్లు సాగుతుంది. అందుకోసం జాయింటులో వదిలిన సందును మట్టి, తారు పూడ్చేస్తే ఉక్కుకు కదిలే చోటుండదు. జాయింటు చిరిగితే వాన నీళ్లు బేరింగుల మీదికి దిగుతాయి. అక్కడ పేరుకున్న మట్టి తడి ఆరనివ్వదు, తుప్పు మొదలయ్యేది అక్కడే. కారులో వెళ్లేవాడికి ఇదేదీ కనిపించదు, చక్రం కింద టకటక మాత్రం వినిపిస్తుంది.

2023లో మరమ్మతుల కోసం పై రోడ్డును నెల రోజులు మూసేశారు. జనం ఇబ్బంది పడ్డా ఆ పని అవసరమే. కింద పట్టాల వెంట కీమ్యాన్ రోజూ నడిచి చూసుకుంటాడు. పై రోడ్డుకూ అలా నడిచే మనిషి కావాలి. పుష్కరాల పనులకు టెండరు పిలిచే ముందే ఆర్ అండ్ బి, రైల్వే కలిసి జాయింట్లు, బేరింగులు తనిఖీ చేసి, ఆ నివేదికను రెండు ఊళ్ల ప్రజల ముందు పెట్టాలి. రోడ్డు మీది వాన నీళ్లను దింపే గొట్టాలు గర్డరు అడుగు దాటి కిందికి దిగాయో లేదో కూడా అందులో రాయాలి.