ఇనుమును చీల్చే నీళ్లు

పిల్లలూ! ఉలి లేకుండా, సుత్తి లేకుండా ఇనుమును చీల్చగలిగినది ఒకటి ఉన్నది. ఏమిటో చెప్పుకోండి చూద్దాం? మనం రోజూ తాగే నీళ్లే!

హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో ఉండేవాళ్లకు ఈ మాట వింతగా ఉంటుంది. పుష్యమాసంలో మనకూ చలి వేస్తుంది, కంబళ్లు కప్పుకుంటాం. అంతేగాని రాత్రి కుండలో పోసిన నీళ్లు తెల్లవారేసరికి గడ్డకట్టడం మనం ఎరగం. విశాఖ మన్యంలోని లంబసింగిలో మాత్రం కొన్ని రాత్రులు వేడిమి సున్నా డిగ్రీల దగ్గరకు దిగి, గడ్డి మీద తెల్లగా మంచు పేరుతుంది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. అదీ వేడిదేశమే. అటువంటి చోట, 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ ప్రాంతంలో వేడిమి సున్నాకు దిగువన 19 డిగ్రీలకు పడిపోయింది. ఇళ్లలో నీటిగొట్టాలు పగిలాయి. ఆ చలిగాలివాన వల్ల టెక్సాస్‌లో 246 మంది చనిపోయారని ప్రభుత్వం లెక్క తేల్చింది.

గొట్టాలను పగలగొట్టే ఈ చలే మోటారు పడవల ఇంజన్లనూ పగలగొడుతుంది. అది ఎట్లాగో చూద్దాం.

ఇంజను నడిస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని తీసెయ్యడానికి చాలా పడవలలో ఒక పంపు ఉంటుంది. అది చెరువు నీళ్లను లాగి, ఇంజను గోడలలోని సన్నని కాలవలలో తిప్పి, మళ్లీ చెరువులోకే వదులుతుంది. ఇంజను ఆపినా కొన్ని నీళ్లు ఆ కాలవలలో మిగిలిపోతాయి. చిక్కంతా వాటితోనే.

సాధారణంగా వస్తువులు చల్లబడితే ముడుచుకుంటాయి. నీళ్లు కూడా 4 డిగ్రీల దాకా అట్లాగే చేస్తాయి. ఆ తరవాత ఎదురుతిరుగుతాయి! గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు వరసలు తీరి, మధ్య మధ్య ఖాళీలు వదిలి నిలబడతాయి. అందుచేత 11 చెంబుల నీళ్లు గడ్డకడితే సుమారు 12 చెంబుల మంచు అవుతుంది. ఆ పన్నెండో చెంబుకు ఇంజనులో చోటేదీ? పోత ఇనుము గట్టిదే కాని సాగే గుణం లేనిది. లోపలినుంచి మంచు తోస్తే సాగలేక నెర్రె విచ్చుతుంది.

ఇందులో ఒక మోసం కూడా ఉన్నది. మంచు కరిగేదాకా ఆ నెర్రె బయటపడకపోవచ్చు. ఎండ వస్తుంది, మంచు కరుగుతుంది, యజమాని సంతోషంగా పడవను నడుపుతాడు. అప్పుడు నెర్రెలోనుంచి నీళ్లు నూనెలో కలిసి, నూనె మజ్జిగలాగా తెల్లబడుతుంది. ఇంజను చెడిందని తెలిసేది అప్పుడే.

నిండు శీతకాలంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ప్రమాదమల్లా చలి పోయిందనుకున్న తరవాత వచ్చే చలితోనే. 2007లో అమెరికా తూర్పు, దక్షిణ రాష్ట్రాలలో మార్చి నెల బాగా వెచ్చగా గడిచింది. చెట్లు చిగిర్చి పూతపట్టాయి. ఏప్రిల్ మొదటి వారంలో హఠాత్తుగా చలి విరుచుకుపడి ఆ చిగుళ్లను, పూతను మాడ్చేసింది. ఇటువంటి వసంతంలో పడవను అప్పుడే బయటికి తీసి, ఒకసారి నడిపి, ఇంటిముందు నిలబెట్టినవాడి గతి ఏమిటి? ఇంజను నిండా నీళ్లే కదా!

దీనికి ఉపాయాలు తేలికైనవే. ఇంజను అడుగున బిరడాలు ఉంటాయి. వాటిని తీసి నీళ్లు కార్చెయ్యాలి. ఇసుక, తుప్పు అడ్డుపడితే రంధ్రం మూసుకుపోయి, నీళ్లన్నీ పోయినట్టే కనబడుతుంది. అందుకని సన్నని తీగతో పొడిచి చూడాలి. పడవ వెనక తగిలించే ఇంజనైతే పైకి ఎత్తి ఉంచకుండా నిలువుగా దించితే చాలు, నీళ్లు వాటంతట అవే జారిపోతాయి. ఆ పైన ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కలిసిన మందును కాలవలలో నింపుతారు. దాని అణువులు నీటి అణువుల మధ్య దూరి, వాటిని వరస తీరనివ్వవు.

ఇంకొక తమాషా చూడండి. అటువంటి రాత్రి చెరువులో ఉన్న పడవ కంటే ఒడ్డున ఉన్న పడవకే తరచు ముప్పు ఎక్కువ. గాలి త్వరగా చల్లబడుతుంది. చెరువులో అన్ని నీళ్లు చల్లబడాలంటే చాలా రోజులు పడుతుంది. కాబట్టి చెరువే పడవకు దుప్పటి!

మనకు మోటారు పడవలు లేవు కదా అంటారేమో. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కారు ఇంజనులోనూ ఇటువంటి కాలవలే ఉంటాయి. అయితే అందులో ఒకే ద్రవం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. సాధారణంగా అది ఎథిలీన్ గ్లైకాల్ కలిపిన నీరు. రెండూ సమంగా కలిపితే సున్నాకు దిగువన 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. హిందూపురంలో చింతపండు వేసుకుని కాశ్మీరం వెళ్లే లారీలో ఉత్త నీళ్లే పోసి ఉంటే, అక్కడి ఒక్క రాత్రి చాలు, ఇంజను పగలడానికి. ఒక హెచ్చరిక! ఎథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కాని విషం. మెకానిక్ షెడ్డులలో రంగురంగుల ద్రవం కనబడితే ముట్టుకోకండి. చంటిపిల్లలను, కుక్కపిల్లలను దాని దగ్గరికి పోనివ్వకండి.

ఇప్పుడు ఒక ప్రయోగం. ఒక ప్లాస్టిక్ సీసాలో సగానికి పైగా నీళ్లు పోసి, నీటిమట్టం దగ్గర గీత గియ్యండి. మూత పెట్టకుండా, ఫ్రిజ్‌లో మంచు చేసే అరలో ఒక రాత్రంతా నిలబెట్టండి. గాజుసీసా మాత్రం వద్దు, పగులుతుంది. మంచు గీతను దాటి ఎంత పైకి వచ్చిందో కొలిచి రాసుకోండి.

ఆ తరవాత ఈ ప్రశ్న ఆలోచించండి: నీళ్లు గడ్డకట్టేటప్పుడు పెరగకుండా తగ్గిపోతే, మంచుదేశాల చెరువులలో చేపల గతి ఏమవుతుంది? జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.